అయిదక్షరాల దొంగ

"మా ఆయన నోట్లో మాట నిలవదండీ, ఒప్పుకుంటాను. మా ఇంట్లో కూరలో ఉప్పెక్కువైతే వీధంతా తెలిసిపోతుంది. కానీ ఆ అయిదక్షరాల మాట మాత్రం ఎవరికీ చెప్పరు. ఎనిమిదేళ్ళుగా నేనే అడుగుతున్నా. కట్టుకున్న పెళ్ళానికే చెప్పని మనిషి ఊళ్ళోవాళ్ళకి చెప్తారా?"

పొద్దున తొమ్మిదింటికి ఫోన్లో మాస్టారి భార్య వేసిన ప్రశ్న అది. ఫుల్‌స్టాపుగారికి ఆ ప్రశ్న చాలా నచ్చింది. చీర మార్చుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పది గంటల ఇరవై నిమిషాలకి సాయంకాలపత్రిక ఆఫీసు మెట్లెక్కారు.

ఫుల్‌స్టాప్ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆవిడ ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు ప్రూఫులు దిద్దారు. ఒకసారి వాక్యం చివర చుక్క లేదని, నడుస్తున్న మెషీన్ని ఆపించారు. ఆ రోజునుంచి అదే పేరు. ఉద్యోగం మానేశాక కాగితాల మీద తప్పులు దొరక్క, మనుషుల్లో వెతకడం మొదలుపెట్టారు. ఇప్పటికి పదిహేడు కేసులు తేల్చారు.

మేడకి మూడంతస్తులు. కింద ప్రెస్సు, మధ్యలో ఆఫీసు, పైన ఓనరు గారి ఇల్లు. మధ్య అంతస్తులో చివరి గది మాస్టారిది. ఆయన గోడవార కుర్చీలో కూర్చుని ఉన్నారు. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి, ఇవాళ తనే తప్పు చేసిన పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఓనరు అటూ ఇటూ తిరుగుతున్నాడు. కిటికీ దగ్గర ఇన్‌స్పెక్టరు, తలుపు దగ్గర కానిస్టేబులు.

"మేడమ్, ఇది పోలీసు దర్యాప్తు," అన్నాడు ఇన్‌స్పెక్టరు గంభీరంగా. "బయటివాళ్ళు రాకూడదు."

"మేడమేంటయ్యా? పొద్దున మా వంటింట్లో నిలబడి రెండోసారి కాఫీ అడిగినప్పుడు వదిననేగా?"

కానిస్టేబులుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఇన్‌స్పెక్టరు ఆవిడ భర్తకి స్వయానా తమ్ముడు. మరిది తెలివైనవాడే. కాకపోతే మొదట తోచిన సంగతి మీద మంచమేసుకుని పడుకుంటాడు, ఎవరైనా లేపేదాకా లేవడు.

"సరే వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "అయిదు నిమిషాలు. చూసి వెళ్ళిపో. కేసు అయిపోయింది."

"అయిపోయిన కేసేదో చెప్పు, వింటాను."

అతను వేళ్ళు మడుస్తూ చెప్పాడు. పత్రిక సాయంత్రం నాలుగింటికి బయటికొస్తుంది. అందులో మాస్టారు రోజూ ఒక ఆట పెడతారు. ఒక ఇంగ్లీషు మాట, అయిదే అక్షరాలు. మొదటి అక్షరం ఏదో, లోపల ఇంకే రెండు అక్షరాలున్నాయో చెప్తారు. మాట కనిపెట్టినవాళ్ళు చీటీ మీద రాసి గేటు పక్కనున్న పెట్టెలో వేయాలి. మర్నాడు పది గంటలకి పెట్టె తెరుస్తారు.

"ఇదంతా నాకు తెలుసు, నేనూ ఆడతాను. మొన్న ప్లాంట్ అన్న మాటకి అరగంట జుట్టు పీక్కున్నాను. తర్వాత?"

"తర్వాతేముంది? సోమవారం నుంచి ఇవాళ్టిదాకా ఆరు రోజులు. రోజూ పదింటికి పెట్టె తెరిస్తే అందులో పేరులేని చీటీ ఒకటి. దాని మీద, ఆ రోజు సాయంత్రం రాబోయే మాట! పేపరు అచ్చు కాకముందే జవాబు వచ్చేస్తోంది. మాట ఎంచుకునేది మాస్టారు. ముందు రోజు సాయంత్రం ఆరింటికి కవర్లో పెట్టి సొరుగులో తాళం వేస్తారు. తాళంచెవి ఆయన మెళ్ళో ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి పేజీలు పెట్టే అమ్మాయికి ఇస్తారు. ఈలోపు ఆ మాట తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే. ఇంక దర్యాప్తేంటి?"

"రెండింటికి పేజీ ప్రెస్సుకెళ్తుంది," అన్నాడు ఓనరు ఆగి. "మొదటి పేజీలోనే వేస్తున్నాను. ఆట రద్దు, మాస్టారి తొలగింపు. పాఠకులకి క్షమాపణ."

"అయిదక్షరాలకి పోలీసుల్ని పిలిచారా?" అన్నారు ఫుల్‌స్టాపుగారు.

"పరువండీ! పత్రిక పరువు!"

పరువు అనేటప్పుడు అతను మాస్టారి వైపు కాకుండా గడియారం వైపు చూశాడు. ఆవిడ ఆ చూపుని మనసులో అండర్‌లైన్ చేసుకుని మాస్టారి ముందు కుర్చీ లాక్కున్నారు.

"మాస్టారూ, నిద్రలో కలవరిస్తారా?"

"కలవరించినా మా ఆవిడ గురకలో ఎవరికి వినిపిస్తుందమ్మా?"

"కాగితం మీద రాసి కొట్టేసి, చెత్తబుట్టలో వేస్తారా?"

"వేయను. మనసులోనే అనుకుంటాను, ఒక్కసారే రాస్తాను, కవరు అంటిస్తాను." "అమ్మా, ఉద్యోగం పోతే పోయింది. కానీ నలభై ఏళ్ళు పరీక్షల్లో కాపీకొట్టే పిల్లల చెవులు మెలేశాను. ఇప్పుడు వాళ్ళందరూ పేపర్లో నా పేరు చదువుతారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోబోతే ఫుల్‌స్టాపుగారు ఆపారు. "తర్వాత తుడుచుకుందురుగాని. ముందు సొరుగు తెరవండి."

సొరుగులో అంటించిన కవరు, పక్కనే చిన్న రేకు డబ్బా. కవరు చింపితే ఇవాళ్టి మాట, చెయిర్. ఇవాళ పెట్టెలో దొరికిన చీటీ మీద కూడా చెయిర్. ఇన్‌స్పెక్టరు ఇంకేం కావాలన్నట్టు చేతులు చాచాడు.

"ఆరు చీటీలూ చూపించు."

"ఆరు కాదు, అయిదే పనికొస్తాయి. బుధవారం చీటీ తప్పు. ఆ రోజు మాట హార్ట్. వాడు ఎర్త్ అని రాశాడు. దాన్ని పక్కన పడేశాను."

ఫుల్‌స్టాపుగారు ఆ పక్కన పడేసిన చీటీనే తీశారు. ఇరవై రెండేళ్ళ అలవాటు. అందరూ వదిలేసిన కాగితమే ఆవిడ ముందు చదువుతారు. చీటీని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. అంతలో పిల్లకి బొమ్మ దొరికినట్టు మొహం వెలిగిపోయింది.

"మరిదీ, హార్ట్ అక్షరాలు చెప్పు."

"హెచ్, ఈ, ఏ, ఆర్, టి."

"ఎర్త్?"

"ఈ, ఏ, ఆర్, టి..." అతను ఆగాడు. "హెచ్."

"అవే అయిదు. వరస మారిందంతే. మాట తెలిసినవాడు వరస తప్పుతాడా? మాస్టారు చెవిలో హార్ట్ అని చెప్తే, వాడు ఎర్త్ అని ఎందుకు రాస్తాడు? ఈ మనిషికి మాట తెలీదు. అయిదు అక్షరాలు మాత్రమే తెలుసు. మిగతా రోజుల్లో ఆ అక్షరాలతో ఒక్క మాటే వస్తుంది కాబట్టి సరిపోయింది. బుధవారం ఇంకో మాట కూడా వచ్చింది, దాన్ని ఎంచుకున్నాడు."

"అక్షరాలు మాత్రం విడివిడిగా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి వదినా?"

"ఆ రేకు డబ్బాలో ఏముంది మాస్టారూ?"

మాస్టారు డబ్బా మూత తీశారు. లోపల అయిదు చెక్క బిళ్ళలు. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం, చేత్తో చెక్కినవి. బల్ల మీదున్న పెద్ద గళ్ళపెట్టెలోవి అవి. ఆయనే తీరిగ్గా చేసుకున్న పెట్టె. ఇరవై ఆరు గళ్ళు, గడికి నాలుగు బిళ్ళల చొప్పున నూట నాలుగు. రోజూ సాయంత్రం మాటకి కావలసిన అయిదు బిళ్ళలు తీసి డబ్బాలో వేసి, కవరుతో పాటు తాళం వేస్తారు. పొద్దున వాటిని చూసుకుంటూ సూచనలు సరిచూస్తారు.

"ఈ పెట్టెకి తాళం ఉందా?"

"వట్టి బిళ్ళలకి తాళమెందుకమ్మా?"

ఫుల్‌స్టాపుగారు పకపకా నవ్వేశారు. గదిలో నవ్వింది ఆవిడొక్కరే. "మరిదీ, ఆ డబ్బాలో బిళ్ళలు గళ్ళలో వేసెయ్. నేను కిటికీలోంచి చూస్తుంటాను. నీకిష్టమైన అయిదక్షరాల మాట ఒకటి అనుకుని, బిళ్ళలు తీసి జేబులో వేసుకో. మాస్టారూ, ఇతను స్పెల్లింగు తప్పితే చెవి మెలేయండి."

ఇన్‌స్పెక్టరు సణుగుతూనే తీశాడు. ఆవిడ వెనక్కి తిరిగి పెట్టె మీదికి వంగారు. వేలు ఒక్కో గడి మీదుగా నడిచింది. "ఇక్కడ నాలుగు. ఇక్కడ నాలుగు. ఈ గడిలో మూడే, అంటే ఈ. ఇక్కడ మూడు, ఎఫ్. హెచ్. ఐ. ఇదుగో, టి." తలెత్తి మరిది మొహంలోకి చూశారు. "నీకు వేరే ధ్యాసే లేదటయ్యా? థీఫ్!"

కానిస్టేబులు చప్పట్లు కొట్టబోయి, ఇన్‌స్పెక్టరు చూపు చూసి, చేతులు రుద్దుకున్నాడు. ఇన్‌స్పెక్టరు జేబులోంచి బిళ్ళలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

"మాటకి తాళం వేసి, దాని అచ్చుని బల్ల మీద వదిలి వెళ్ళేవారు మాస్టారు. ఎవరికీ చెప్పలేదు. ఎవరో లెక్కపెట్టుకున్నారు, అంతే. సాయంత్రం ఆరింటికీ పొద్దున పదింటికీ మధ్య ఈ గదిలోకి ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రారు," అన్నాడు ఓనరు గబుక్కున. "వాచ్‌మన్‌ని అడిగాం."

పదీ యాభై అయిదుకి వాచ్‌మన్ పైకొచ్చాడు. రిజిస్టరు చంకలో ఉంది. ఆరు రోజులుగా ఆరు దాటాక, తొమ్మిదిన్నర లోపు బయటివాళ్ళెవరూ మెట్లెక్కలేదన్నాడు. సంతకాలు చూపించాడు.

"బయటివాళ్ళు సరే. ఇంట్లోవాళ్ళు?"

వాచ్‌మన్ ఆ ప్రశ్నకి ఆశ్చర్యపోయాడు. "ఇంట్లోవాళ్ళని రాయనండీ. వాళ్ళకి పైనుంచి లోపలిమెట్లు వేరే ఉన్నాయి కదా."

"మరి పొద్దున పెట్టె తెరిచేలోపు గేటు దాటి ఎవరెళ్తారు?"

"పెద్దమ్మగారు పాలకి వెళ్తారండి. అంతే."

ఫుల్‌స్టాపుగారు ఇంకేమీ అడగకుండా గది చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. మాస్టారు ఊడ్చేవాళ్ళని లోపలికి రానివ్వరట, బిళ్ళలు కలిసిపోతాయని. అయినా బల్ల మీద దుమ్ము లేదు. గళ్ళ మూలల్లో కూడా లేదు. అరలో పుస్తకాలన్నీ దుమ్ము కొట్టుకుని ఉన్నాయి, రెండు తప్ప. ఒకటి నిఘంటువు. రెండోది మాస్టారు బడి వదిలేటప్పుడు తెచ్చుకున్న బొమ్మల ఇంగ్లీషు వాచకం. దాని మొదటి పేజీల అంచులు పాతనోట్లలా మెత్తబడిపోయాయి.

ఆవిడ మళ్ళీ చీటీలు పరిచారు. లైట్, మ్యూజిక్, చెయిర్. మూడింట్లోనూ ఐ ఉంది. అన్నీ పెద్ద అక్షరాలే. పెద్ద ఐ నెత్తిన మూడుచోట్లా చుక్క ఉంది.

"మాస్టారూ, పెద్ద ఐకి చుక్క పెట్టేదెవరు?"

"బళ్ళో చదువుకున్నవాళ్ళెవరూ పెట్టరు. చిన్న ఐకే చుక్క. మరి నా బిళ్ళల మీదంటారా, ఒకటో అంకెలా కనబడుతోందని నేనే..." ఆయన చెయ్యి దానంతటదే ఒక బిళ్ళ అందుకుంది. నిలువు గీత, పైన చుక్క.

"ఈ చీటీ రాసిన మనిషి బడికి వెళ్ళి ఇంగ్లీషు నేర్చుకోలేదు," అన్నారు ఫుల్‌స్టాపుగారు. "ఈ పెట్టె దగ్గర నేర్చుకున్నారు."

అప్పుడే లోపలిమెట్ల తలుపు తెరుచుకుంది. ఓనరు అత్తగారు ట్రేలో టీ కెటిలూ కప్పులూ పట్టుకుని వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, అయినా నడకలో తడబాటు లేదు. ఈ మేడ కట్టించినది ఆవిడ భర్తే. ఆయన పోయాక పత్రిక అల్లుడి చేతికొచ్చింది.

"గంటనుంచి అరుచుకుంటున్నారు, గొంతు తడుపుకోండి బాబూ," అంటూ ఆవిడ కప్పుల్లో పోయసాగారు.

ఓనరు ఇన్‌స్పెక్టరు వైపు వంగి ఇంగ్లీషులోకి దిగాడు. ఈవిడ వెళ్ళేదాకా ఏమీ మాట్లాడొద్దనీ, ముసలావిడకి నోరెక్కువ, బుర్ర తక్కువ అనీ చెప్పాడు. కెటిల్లోంచి పడుతున్న టీ ధార ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ పడింది.

ఫుల్‌స్టాపుగారు కప్పు అందుకున్నారు. ఒక గుక్క తాగి, మామూలుగా అన్నారు. "అమ్మా, బుధవారం మీరు రాసింది పూర్తిగా తప్పు కాదండీ. అక్షరాలన్నీ సరే, వరసే మారింది."

"అవునా!" పెద్దావిడ ట్రే బల్ల మీద పెట్టేశారు. "నేనప్పుడే అనుకున్నా! ఎర్త్ కూడా మాటే కదా అని నాలుగుసార్లు నిఘంటువు తిరగేశాను. మూడు రోజులనుంచి అన్నం సయించలేదంటే నమ్మండి..."

అంతవరకూ వచ్చి, అందరి మొహాలూ చూసి, కొంగుతో నోరు మూసుకున్నారు.

మొదట కదిలింది మాస్టారే. కుర్చీలోంచి లేచి ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డారు. "అమ్మా, మీరా? ఎవరు నేర్పారు?"

"మీ బిళ్ళలే. కోప్పడకండి. దుమ్ము తుడవడానికి వచ్చాను, పద్నాలుగు నెలల కిందట. మా అల్లుడూ అమ్మాయీ అన్నాలు తినేటప్పుడు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. నా ఎదురుగానే, నా గురించే. నా పేరు వినిపిస్తుంది, నవ్వులు వినిపిస్తాయి, మధ్యలో ఏముందో తెలీదు. పప్పు వడ్డిస్తూ ఎన్నాళ్ళని బొమ్మలా నిలబడను? అందుకని రోజూ ఆరున్నరకి దిగి ఇక్కడ చదవడం, రాత్రి భోజనాల దగ్గర వినడం. మూడో నెలకి ఏబీసీడీలు దాటాను. పదో నెలకి మా అల్లుడు నన్నేమంటున్నాడో తెలిసింది. ఆ రోజు పప్పులో కారం కాస్త ఎక్కువేశాను."

ఇన్‌స్పెక్టరు మీసం కింద నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. ఓనరు చెవులు ఎర్రబడ్డాయి.

"మరి చీటీలు పేపరు రాకముందే ఎందుకు వేశారమ్మా?" అన్నారు ఫుల్‌స్టాపుగారు.

"పేపరొచ్చాక మాస్టారే సగం చెప్పేస్తారుగా. అది పరీక్షేంటి? నాలుగు బిళ్ళల గడిలో మూడే ఉన్నాయని చూసి, నేనే మాట కూర్చుకుని, పాలకెళ్తూ పెట్టెలో వేసేదాన్ని. పేరు రాయలేదు కదా, బహుమతి నాకొద్దు. సాయంత్రం పేపర్లో వచ్చే మొదటి అక్షరంతో సరిపోయిందో లేదో చూసుకుని పడుకునేదాన్ని. గొడవంతా నా చీటీల గురించేననీ, దానికి మాస్టారి ఉద్యోగం పోతుందనీ ఇవాళ టీ పెడుతుంటే తెలిసింది. ఒప్పుకుందామనే వచ్చాను."

"ఉద్యోగమా!" మాస్టారు రెండు చేతులూ పైకెత్తారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మొహం మాత్రం పండగలా ఉంది. "నలభై ఏళ్ళలో ఇంత మంచి విద్యార్థి నాకు దొరకలేదమ్మా! ఆరింటికి అయిదు. బుధవారానిది కలిపి అయిదున్నర! ఆ ఐ మీద చుక్క ఒక్కటి తీసేయండి, మిగతాది నేను చూసుకుంటాను."

"చుక్క తీసేయాలా? అయ్యో, అదొక్కటే నాకు బాగా కుదిరింది."

కానిస్టేబులు ఈసారి దాచుకోకుండా నవ్వాడు. వాచ్‌మన్ ఎందుకో తెలియకుండానే నవ్వాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకంలో రాసుకున్న పేజీ చింపి ఉండ చుట్టి, వదిన చేతిలో పెట్టాడు. "నువ్వు లేపావు, నేను లేచాను. సరేనా?"

"సరే. ఓనరుగారూ, మొదటి పేజీలో చోటు ఖాళీ అయినట్టుంది. వేయడానికి ఇంతకంటే మంచి వార్త ఉందా?"

ఓనరు నవ్వలేదు. మళ్ళీ గడియారం చూసి, "అయిపోయిందిగా, అందరూ వెళ్ళండి," అన్నాడు. "ఆట మాత్రం రద్దే. పాఠకులకి నమ్మకం పోయింది. అత్తయ్యగారూ, మీరు పైకి వెళ్ళండి."

పెద్దావిడ వెళ్ళలేదు. కొంగు నడుముకి దోపి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగారు.

"బాబూ, ఎలాగూ పోలీసులు ఇంటికొచ్చారు కాబట్టి ఒకటి అడుగుతాను. నిన్న రాత్రి అమ్మాయి వంటింట్లో ఉండగా, మా అల్లుడు నా ముందే కూర్చుని ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆట గొడవ ఇవాళ పేపర్లో వస్తుంది, ఆ వంకతో పత్రిక మూసేస్తాను, మేడ ఖాళీ చేయిస్తాను అన్నాడు. అంతవరకూ అర్థమైంది. అమ్మకం కాగితాల మీద ముసలావిడ సంతకం కూడా అయిపోయింది అన్నాడు. అదీ అర్థమైంది. మేడ నా పేరు మీదుంది. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు బాబూ. మరి పెట్టిందెవరు?"

నవ్వులు ఆగిపోయాయి. ఓనరు ఒక అడుగు లోపలిమెట్ల వైపు వేశాడు. ఆ తలుపుకి ఆనుకుని ఫుల్‌స్టాపుగారు అప్పటికే నిలబడి, చల్లారిన టీ తాగుతున్నారు.

"కొనేవాళ్ళు ఎప్పుడొస్తామన్నారమ్మా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా.

"ఇవాళే. పదకొండున్నరకి. అల్లుడే ఫోన్లో మళ్ళీ చెప్పుకుని ఖాయం చేసుకున్నాడు. కాగితాలు తీసుకుని, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తామన్నారు. ముసలావిడ అడ్డం పడితే చూసుకుంటాం అన్నారట."

గోడగడియారంలో పదకొండూ ఇరవై ఎనిమిది. కింద గేటు ముందు కారు ఆగింది. ఒక తలుపు చప్పుడైంది. రెండోది. మూడోది. బూట్లు మెట్లెక్కడం మొదలుపెట్టాయి.